ద్రాక్షతోటల నడుమ సైకిల్ దారి: ఒక నిశ్శబ్దం చరిత్ర



ఢిల్లీలోని ముఖర్జీ నగర్ మీలో కొందరికి స్వయంగా తెలుసు. మిగిలినవారు పేరైనా విని ఉంటారు. పోటీ పరీక్షలకు తయారయ్యేవారు దేశం నలుమూలల నుంచీ వచ్చి చేరే పేట అది. సాయంత్రం వేళ బత్రా సినిమా పరిసరాల్లో నిలబడితే ఈ-రిక్షాల హారన్లు, జిరాక్సు యంత్రాల చప్పుడు, టీ బండ్ల దగ్గర వాదోపవాదాలు అన్నీ కలిసి ఒకే రొదగా వినిపిస్తాయి. ఆ పేటలో ఒక అద్దెగదిలో మన తెలుగు విద్యార్థులు కొందరు ఉండేవారు. సైన్సు పాఠాల్లో సందేహాలు తీర్చడానికి నేను అప్పుడప్పుడు వెళ్లేవాణ్ణి. వాళ్ల గోడకు ఒక క్యాలెండర్ వేలాడుతుండేది. అందులో ఒక బొమ్మ: పచ్చని ద్రాక్షతోటలు, వాటి మధ్య సన్నని దారి, ఆ దారిలో సైకిల్ మీద వెళ్తున్న ఒక మనిషి. కింద 'బర్గండీ, ఫ్రాన్స్' అని రాసి ఉంది. ఒక రోజు ఒక అబ్బాయి ఆ బొమ్మ వైపు చూస్తూ, "ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి సార్! ఇలాంటి చోట చరిత్రలో ఏమీ జరిగి ఉండదు" అన్నాడు.

ఆ మాటే ఈ ప్రసంగానికి మూలం. నేను కిటికీ వైపు చూపించి ఎదురు ప్రశ్న వేశాను: "మరి ఈ రోడ్డు మీద ఇంత రొద ఎందుకుంది?" జవాబు కోసం దూరం వెళ్లనక్కరలేదు. పక్కనే కింగ్స్‌వే క్యాంప్ ఉంది. 1911 డిసెంబరులో అయిదో జార్జి దర్బారు జరిగింది ఆ చుట్టుపక్కల మైదానాల్లోనే. రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్లు ప్రకటించింది ఆ దర్బారులోనే. 1947లో దేశ విభజన జరిగినప్పుడు అదే కింగ్స్‌వే క్యాంపులో పెద్ద శరణార్థి శిబిరం వెలిసింది. గుడారాల చోట ఇళ్లు వచ్చాయి. ఇళ్ల చుట్టూ కాలనీలు పెరిగాయి. పక్కనే విశ్వవిద్యాలయం ఉండటంతో విద్యార్థులు వచ్చారు, వారి వెంట శిక్షణ కేంద్రాలు వచ్చాయి. ఇలా పొర మీద పొరగా ఏర్పడిందే ఈ రొద.

రొదకు చరిత్ర ఉన్నప్పుడు నిశ్శబ్దానికి ఉండదా? తప్పక ఉంటుంది. రండి, ఆ క్యాలెండర్ బొమ్మలోకి మనమే ఒక సైకిల్ తీసుకుని వెళ్దాం. దారిలో కనిపించే ప్రతిదానినీ 'ఇది ఇలా ఎందుకుంది?' అని అడుగుదాం. ఒక్క మాట. ఇది మద్యం గురించిన ప్రసంగం కాదు. ఒక నేల గురించి, ఒక యంత్రం గురించి, మనుషుల తీరిక గురించిన ప్రసంగం.

నేల గీసిన దారి

ఫ్రాన్స్ పటంలో పారిస్‌కు ఆగ్నేయంగా డిజాన్ నగరం కనిపిస్తుంది. దానికి దక్షిణంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో బోన్ అనే చిన్న పట్టణం ఉంది. మీరు బోన్‌లో సైకిల్ ఎక్కి దక్షిణంగా సాంతనే గ్రామానికి బయలుదేరారనుకోండి. దూరం ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. పొమ్మార్, వోల్నే, మెర్సో, పులిన్యీ అనే ఊళ్లు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. కుడిచేతివైపు మెల్లగా లేచే వాలు, దాని నిండా ద్రాక్ష. వాలు పైన అడవి. ఎడమచేతివైపు సోన్ నది మైదానం, అందులో ధాన్యపు పొలాలు. ఈ సోన్ మన బీహారు సోన్ కాదు, పేరు మాత్రమే కలిసింది.

ఈ వాలు ఎక్కడిది? పైన ఉన్నది జురాసిక్ యుగపు సున్నపురాయి. అంటే 15 కోట్ల సంవత్సరాలకు పైగా వయసున్న, ఒకప్పటి సముద్రపు అడుగు. చాలా కాలం తరువాత భూమి పొరలో పగులు ఏర్పడి సోన్ మైదానం వైపు భాగం కిందికి దిగిపోయింది. విరిగిన అంచు తూర్పు ముఖంగా నిలిచింది. అందువల్ల ఉదయపు ఎండ నేరుగా తోటల మీద పడుతుంది. చల్లని గాలి బరువైనది కాబట్టి రాత్రివేళ కిందికి జారి మైదానంలో చేరుతుంది. వాలు మధ్యభాగం మంచు దెబ్బనుంచి కొంత తప్పించుకుంటుంది. వాననీరు నిలవదు. ద్రాక్షకు కావలసినవి ఇవే. సైకిల్‌కు కూడా ఇది అనుకూలమే. వాలు ఎక్కకుండా దాని పాదం వెంట వెళ్లే దారికి ఎత్తుపల్లాలు తక్కువ.

దారి అంత సన్నగా ఎందుకుంది? దీనికి జవాబు భూగర్భశాస్త్రంలో లేదు, చట్టంలో ఉంది. మధ్యయుగంలో ఈ తోటల్లో చాలా భాగం క్రైస్తవ మఠాలవి. 910లో క్లూనీ మఠం, 1098లో సీతో మఠం స్థాపితమయ్యాయి. సీతో సన్యాసులు గోడకట్టి పెంచిన క్లో ద వూజో తోట దాదాపు 50 హెక్టార్లు. 1789 విప్లవం తరువాత ప్రభుత్వం చర్చి భూములను జాతీయం చేసి వేలం వేసింది. 1804 నాటి నెపోలియన్ పౌరస్మృతి తండ్రి ఆస్తిలో బిడ్డలందరికీ వాటా కల్పించింది. తరతరాలుగా చెక్కలు చెక్కలుగా చీలి, ఇవాళ ఆ ఒక్క తోటకే దాదాపు 80 మంది యజమానులు ఉన్నారు. ప్రతి చెక్కకూ వెళ్లడానికి ఒక బాట కావాలి కదా! మన ఊళ్లలో చేల మధ్య డొంకదారులు ఎలా ఏర్పడ్డాయో అక్కడ ఈ తోటబాటలు అలాగే ఏర్పడ్డాయి. ఇప్పుడు సైకిల్ యాత్రికుడు తొక్కుతున్నది ఆ డొంకదారినే. ఈ ప్రాంతంలో 1,247 తోటచెక్కలకు వేరువేరు పేర్లు, వేరువేరు హద్దులు ఉన్నాయి. 2015లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వరుసల వెనుక విపత్తు

ఇప్పుడు తోటలోకి తొంగి చూడండి. తీగలు సైనికుల్లా వరుసలు కట్టి, తంతులకు అల్లుకుని ఉంటాయి. ఇది అనాదిగా వస్తున్న పద్ధతి అనుకుంటే పొరపాటే. నూటయాభై ఏళ్ల కిందట ఇక్కడ వరుసలే లేవు. తీగను వంచి మట్టిలో పాతితే అది వేరుపట్టి కొత్త మొక్కయ్యేది. తోట ఒక గుంపులా, క్రమం లేకుండా పెరిగేది. ఆ పద్ధతిని అంతం చేసింది కంటికి సరిగా కనిపించని ఒక పురుగు.

1863 ప్రాంతంలో దక్షిణ ఫ్రాన్స్‌లోని గార్ జిల్లాలో తీగలు కారణం తెలియకుండా ఎండిపోసాగాయి. 1868 జులై 15న మోంపెలియే నగరానికి చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు ప్లాంషోన్, మరి ఇద్దరు సభ్యులతో కలిసి రోన్ లోయలో వాడిపోతున్న తోటలను పరిశీలించాడు. చచ్చిన మొక్కను పీకి చూస్తే ఏమీ కనిపించలేదు. బతికున్న మొక్కను పీకితే వేళ్లకు అంటుకుని పసుపుపచ్చని సూక్ష్మమైన పురుగులు గుంపులుగా కనిపించాయి. వేరు చచ్చాక పురుగు అక్కడ ఉండదు, పక్క మొక్కకు పోతుంది. అందుకే అంతవరకు ఎవరికీ దొరకలేదు. ఇది పేనుబంకకు దగ్గరి బంధువు. పేరు ఫిలాక్సెరా. ఉత్తర అమెరికా నుంచి దిగుమతి చేసుకున్న ద్రాక్ష మొక్కలతో పాటు వచ్చింది. ఓడ ప్రయాణం ఆవిరి యంత్రం వల్ల వేగవంతం కావడంతో దారిలో చావకుండా బతికి వచ్చిందని భావిస్తారు. వాణిజ్యం వేగం పెరిగితే తెగుళ్ల వేగం కూడా పెరుగుతుందన్న పాఠం మన తరానికి కూడా కొత్తది కాదు.

నష్టం ఎంత? 1875లో ఫ్రాన్స్ వైన్ ఉత్పత్తి దాదాపు 8.45 కోట్ల హెక్టోలీటర్లు. 1889 నాటికి అది 2.34 కోట్లకు పడిపోయింది. ఒక హెక్టోలీటరు అంటే 100 లీటర్లు. మందు కనిపెట్టినవారికి ప్రభుత్వం 3 లక్షల ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. రైతులు నేలలోకి కార్బన్ డైసల్ఫైడ్ ఎక్కించారు. వీలున్నచోట తోటలను నెలతరబడి నీట ముంచారు. ఇసుక నేలల్లో పురుగు బతకలేదని గ్రహించి అక్కడికి తోటలు మార్చారు. చాలా కుటుంబాలు ఆశ వదులుకుని పట్టణాలకో, అల్జీరియాకో తరలిపోయాయి. బర్గండీలోని మెర్సో గ్రామంలో పురుగు 1878లో బయటపడింది. ఇందాక మనం సైకిల్ మీద దాటిన ఊరే అది.

చివరకు ముల్లును ముల్లుతోనే తీశారు. పురుగు అమెరికాది. ఆ పురుగుతో కలిసి యుగాలుగా బతికిన అమెరికా అడవి ద్రాక్షల వేళ్లకు దాన్ని తట్టుకునే శక్తి ఉంది. కాబట్టి కింద అమెరికా వేరు, పైన ఫ్రెంచి తీగ పెట్టి అంటు కట్టారు. అయితే ఇల్లు అలకగానే పండగ కాలేదు. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో ఆ వేళ్లకు ఇనుము అందక ఆకులు పాలిపోయాయి. సున్నపు నేలను తట్టుకునే జాతి కోసం 1887లో పియెర్ వియాలా అనే శాస్త్రజ్ఞుణ్ణి ప్రభుత్వం అమెరికా పంపింది. టెక్సాస్‌కు చెందిన ద్రాక్ష నిపుణుడు మన్సన్ అతనికి దారి చూపాడు. అక్కడి సున్నపు గుట్టల మీద పెరిగే అడవి ద్రాక్ష ఫ్రాన్స్ తోటలకు ప్రాణం పోసింది.

అంటు మొక్కను మునుపటిలా వంచి పాతకూడదు. పాతితే పై తీగకే సొంత వేళ్లు వచ్చి పురుగుకు మళ్లీ దొరికిపోతుంది. అందుకే ఒక్కొక్క మొక్కను కొని, కొలిచి, వరుసలో నాటారు. వరుసల మధ్య గుర్రంతో దున్నేందుకు వీలు చిక్కింది. క్యాలెండర్ బొమ్మలో మీరు చూసి ముచ్చటపడ్డ ఆ వరుసలు ఒక మహావిపత్తు మిగిల్చిన గీతలు.

ఈ కథకు మన దేశంతోనూ బంధుత్వం ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు పేరుపొందాయి. నగరం విస్తరించే కొద్దీ వాటిలో చాలా భాగం ఇళ్ల స్థలాలయ్యాయి. ఇటీవలి దశాబ్దాల్లో మన దేశపు ద్రాక్ష రైతులు కరవును, ఉప్పు నీటిని తట్టుకోవడానికి 'డాగ్‌రిడ్జ్' అనే వేరు మొక్క మీద అంటు కడుతున్నారు. దాన్ని ఎంపిక చేసింది ఆ టెక్సాస్ మన్సనే!

యంత్రం వచ్చింది

తోటలు ఎండిపోతున్న ఆ 1860లలోనే పారిస్‌లో మరో కథ మొదలైంది. 1817లో జర్మనీకి చెందిన డ్రైస్ రెండు చక్రాల బండి తయారుచేశాడు గానీ దానికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుతూ నడపాలి. 1860లలో పారిస్‌లో ముందుచక్రానికి పెడళ్లు బిగించిన వెలోసిపీడ్ వచ్చింది. 1865 ఆగస్టులో ఒలివియే సోదరులు ఇద్దరు, ఒక మిత్రుడితో కలిసి దాని మీద పారిస్ నుంచి దక్షిణాన ఉన్న అవిన్యోన్ వైపు బయలుదేరారు. మిత్రుడు మధ్యలో విరమించాడు. సోదరులు గమ్యం చేరారు. ఇనుప పట్టీ వేసిన చక్రాలతో, వందల కిలోమీటర్ల రాళ్లబాట మీద! చరిత్రలో నమోదైన తొలి సుదూర సైకిల్ యాత్రల్లో ఇది ఒకటి.

ఇక్కడ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అవిన్యోన్ ఉన్నది రోన్ లోయలో. ప్లాంషోన్ పురుగును కనుక్కున్నది కూడా ఆ లోయ ప్రాంతంలోనే, మూడేళ్ల తరువాత. సైకిల్ యాత్రా, తోటల పతనమూ ఒకే దశాబ్దంలో, ఒకే లోయలో కలుసుకున్నాయి.

1888లో డన్‌లప్ గాలి నింపిన టైరును ప్రవేశపెట్టాడు. 1891లో మిషెలిన్ సోదరులు సులువుగా విప్పి బాగుచేసుకోగల టైరు తెచ్చారు. ఆ ఏడాదే జరిగిన పారిస్–బ్రెస్ట్–పారిస్ పోటీలో దాదాపు 1,200 కిలోమీటర్లను షార్ల్ తెరోన్ ఆ టైర్ల మీద 72 గంటల లోపే ముగించాడు. 1890లో టూరింగ్ క్లబ్ దె ఫ్రాన్స్ ఏర్పడింది. సైకిల్ మీద ఊళ్లు చూడాలనుకునేవారికి పటాలు, దారి గుర్తులు, బస వివరాలు అందించింది.

పోటీకీ యాత్రకూ తేడా చూపినవాడు సాంత్-ఎతియెన్ పట్టణానికి చెందిన పాల్ ద వివీ. 'వెలోసియో' అన్న కలంపేరుతో ప్రసిద్ధుడు. 1853లో పుట్టి 1930లో మరణించాడు. 1887లో సైకిల్ పత్రిక ప్రారంభించాడు. కొండలు ఎక్కడానికి గేర్లు కావాలని ఏళ్లతరబడి వాదించి, ప్రయోగాలు చేశాడు. టూర్ ద ఫ్రాన్స్ పోటీ 1903లో మొదలైనా, గొలుసును ఒక పళ్లచక్రం నుంచి మరొక దానికి మార్చే గేరు సాధనాన్ని ఆ పోటీలో 1937 దాకా అనుమతించలేదు. పందెగాళ్లు కాదన్నదాన్ని యాత్రికులు ముందే ఆదరించారన్నమాట. ఇంకో తమాషా గమనించండి. ద్రాక్షతోటల దేశంలో సైకిల్ యాత్రకు గురువైన ఈ వెలోసియో శాకాహారి. దారిలో ఉన్నంతసేపు వైన్, మాంసం, పొగాకు ముట్టవద్దని శిష్యులకు నియమం పెట్టాడు.

సైన్సు ఉపాధ్యాయుడిగా ఒక్క విషయం చెప్పకుండా ఉండలేను. ఒక కిలోమీటరు నడవడానికి పట్టే శక్తిలో దాదాపు అయిదో వంతు ఖర్చుతోనే సైకిల్ మీద ఆ కిలోమీటరు వెళ్లవచ్చు. గంటకు 15 కిలోమీటర్ల వేగం. అంత వేగంలోనూ గోడ మీది రాత చదవవచ్చు, మట్టి రంగు మారడం గమనించవచ్చు. చరిత్ర విద్యార్థికి ఇంతకన్నా అనువైన వేగం లేదు.

ఊళ్లు ఎందుకు మౌనంగా ఉన్నాయి?

ఈ పల్లెలు ఎప్పుడూ ఇలాగే ఉండేవా? బర్గండీ వదిలి రోన్ నది వెంట దక్షిణానికి, మధ్యధరా తీరంలోని లాంగ్‌డాక్ ప్రాంతానికి వెళ్దాం. అక్కడ తోటలు తిరిగి నాటాక ఉత్పత్తి ఎక్కువై ధరలు కూలాయి. చక్కెర, నీళ్లు కలిపిన కల్తీ సరుకు మార్కెట్లో పడింది. 1907లో రైతులు, కూలీలు, ఊరి వ్యాపారులు కలిసి తిరగబడ్డారు. మార్సెలాన్ అల్బేర్ అనే సామాన్య రైతు నాయకుడయ్యాడు. జూన్ 9న మోంపెలియేలో లక్షల మంది చేరారు. నార్బోన్ పట్టణంలో సైనికుల కాల్పుల్లో పలువురు మరణించారు. ఆ ప్రాంతపు కుర్రాళ్లే ఎక్కువగా ఉన్న 17వ పదాతి దళంలో వందల మంది సైనికులు తమవాళ్ల మీద తుపాకి ఎత్తబోమని తిరుగుబాటు చేశారు. జూన్ 29న పార్లమెంటు కల్తీని అరికట్టే చట్టం చేసింది. ఆ మార్గమే 1935లో, ఏ ఊరి పేరు ఏ సరుకుకు పెట్టవచ్చో నిర్ణయించే చట్టం దాకా వచ్చింది. ఇవాళ నిశ్శబ్దంగా కనిపించే ఆ వీధుల్లో ఒకప్పుడు నినాదాలు మార్మోగాయి.

ఏడేళ్ల తరువాత మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. 1914–18 మధ్య ఫ్రాన్స్ 13 లక్షలకు పైగా సైనికులను కోల్పోయింది. వారిలో పల్లె రైతులు లెక్కకు మిక్కిలి. ఏ ఊరి మధ్యలోనైనా సైకిల్ ఆపి చూడండి. ఒక రాతిస్తంభం, దాని మీద పేర్లు. చిన్న ఊరైనా ఒకే ఇంటిపేరు రెండు మూడుసార్లు కనిపించవచ్చు. ఆ తరువాత ట్రాక్టర్లు వచ్చాయి, యువకులు నగరాలకు వెళ్లారు. 1970లో పారిస్–లియోన్ ఎక్స్‌ప్రెస్ రహదారి పూర్తయ్యాక దూరప్రయాణం వాహనాలు పల్లె రోడ్లను వదిలేశాయి. ఫ్రాన్స్‌లో జిల్లా పాలనలోని రోడ్లే దాదాపు 3.8 లక్షల కిలోమీటర్లు. వాటిలో చాలా వాటిమీద ఇప్పుడు అప్పుడొక కారు, అప్పుడొక ట్రాక్టరు తప్ప కనిపించవు.

అంటే ఆ నిశ్శబ్దం సగం ప్రకృతి ఇచ్చింది, సగం పోయినవాళ్లు విడిచివెళ్లింది.

తీరిక ఎవరిది?

దారి ఉంది, సైకిల్ ఉంది. మరి యాత్ర చేయడానికి సమయం ఎవరికుంది? 1890లలో సైకిల్ ధర కూలివాడికి అందేది కాదు. తరువాత ధర తగ్గినా, సైకిల్ ఫ్యాక్టరీకి వెళ్లడానికే గాని ఊళ్లు చూడడానికి కాలేదు. సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది.

1936 వసంతంలో లియోన్ బ్లూమ్ నాయకత్వంలోని పాపులర్ ఫ్రంట్ ఎన్నికల్లో గెలిచింది. కార్మికులు దేశమంతటా సమ్మెకు దిగి ఫ్యాక్టరీలలోనే బైఠాయించారు. జూన్ 20న వచ్చిన చట్టం ప్రతి కార్మికుడికీ ఏడాదికి రెండు వారాలు జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. ఆ వెంటనే వారానికి 40 గంటల పని చట్టమూ వచ్చింది. విరామ వ్యవహారాలు చూసిన లియో లగ్రాంజ్ చొరవతో రైళ్లలో 40 శాతం రాయితీ టిక్కెట్లు వచ్చాయి. రైలెక్కలేనివారు సైకిలెక్కారు. ఇద్దరు కలిసి తొక్కే టాండెం సైకిళ్ల మీద సామాను కట్టుకుని బయలుదేరిన జంటల ఫొటోలు ఆ వేసవికి గుర్తులయ్యాయి. మరుసటి ఏడాది, 1937లో, బర్గండీలో ద్రాక్షతోటల దారికి యాత్రామార్గంగా పేరు పెట్టారు. ఫ్రాన్స్‌లో అలాంటి మార్గాల్లో అదే మొదటిది.

మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి, ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవును హక్కుగా రాసింది. అయితే ఫ్యాక్టరీ గేటుకు బయట బతికేవారి మాటేమిటి? ముఖర్జీ నగర్‌లో రిక్షా తొక్కే మనిషిని, పొలంలో కూలికి వెళ్లే మనిషిని గుర్తుచేసుకోండి. వాళ్లు ఆ క్యాలెండర్ యాత్రికుడికన్నా ఎక్కువ కిలోమీటర్లు తొక్కుతారు, నడుస్తారు. వాళ్లకు లేనిది సైకిల్ కాదు, తీరిక.

రైలు పోయిన దారి

మళ్లీ బర్గండీకి వద్దాం. 19వ శతాబ్దంలో తోటల సరుకు మోయడానికి వేసిన చిన్న రైలుమార్గాలు లారీల పోటీకి తట్టుకోలేక ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. రైలు కట్ట వాలు చాలా తక్కువగా ఉంటుంది, ఎందుకంటే ఆవిరి ఇంజను నిట్టనిలువు ఎక్కలేదు. ఇంజనుకు సులువైనది పిల్లల కాళ్లకూ సులువే. 1997లో క్లూనీ, జివ్రీ ఊళ్ల మధ్య మూతబడ్డ రైలుమార్గం మీద 44 కిలోమీటర్ల 'హరిత మార్గం' తెరిచారు. మోటారు వాహనాలకు ప్రవేశం లేదు. నడిచేవారు, సైకిళ్లవారు, చక్రాల కుర్చీలవారు వెళ్లవచ్చు. దాని పొడిగింపులో దాదాపు 1.6 కిలోమీటర్ల పాత రైలు సొరంగం ఉంది. శీతకాలంలో గబ్బిలాలు నిద్రించేందుకు దాన్ని మూసివేస్తారు. ఇదే ఒరవడిలో లువార్ నది వెంట 900 కిలోమీటర్ల సైకిల్ మార్గం కూడా రూపొందింది.

ఈ ప్రశాంతతకు ఇప్పుడు కొత్త సవాలు వచ్చింది. బోన్‌లో ద్రాక్షకోతలు ఏ తేదీన మొదలయ్యాయో 1354 నుంచి 2018 వరకు పరిశోధకులు కూలి చెల్లింపుల పద్దులు, పట్టణ రికార్డులు, పత్రికల నుంచి సేకరించి 2019లో ప్రచురించారు. 1988 తరువాత కోతలు, అంతకుముందు ఆరు శతాబ్దాల సగటుకన్నా 13 రోజులు ముందుగా వస్తున్నాయని తేలింది. ఎప్పుడో ఒక గుమస్తా కూలీలకిచ్చిన డబ్బు రాసుకున్నాడు. అది ఇవాళ భూగోళం వేడెక్కుతోందనడానికి సాక్ష్యమైంది. చిన్న పద్దు అని దేన్నీ తోసిపుచ్చకండి.

మన దారుల్లో

1891 నాటి పారిస్–బ్రెస్ట్–పారిస్ ఇప్పుడు పోటీగా కాక నాలుగేళ్లకొకసారి యాత్రగా జరుగుతుంది. దాదాపు 1,200 కిలోమీటర్లు, గరిష్ఠంగా 90 గంటలు. 2019, 2023లలో భారతీయులూ పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు. అందుకు అర్హత ఇచ్చే 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలను హైదరాబాద్‌లోనూ ఢిల్లీలోనూ రాండొనర్ సంఘాలు జరుపుతుంటాయి. 200 కిలోమీటర్లకు గడువు పదమూడున్నర గంటలు. ఎవరు ముందు వచ్చారన్న లెక్క లేదు, గడువులోగా వచ్చారా అన్నదే లెక్క. 2023 అక్టోబరు 1న హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారిని ప్రారంభించారు. దాని పైకప్పు నిండా సౌరఫలకాలు, సామర్థ్యం 16 మెగావాట్లు. మన దగ్గరా దారులు పుడుతున్నాయి. అవి ఎవరి కోసం, ఏ సమయంలో అన్నది మీరు అడగవలసిన ప్రశ్న.

ఆ రోజు గదిలో ఇదంతా విన్నాక ఆ అబ్బాయి నవ్వుతూ, "సార్, ఇందులో పరీక్షకు వచ్చేదేముంది?" అన్నాడు. విప్లవం ఉంది, పౌరస్మృతి ఉంది, తెగులు ఉంది, వలస ఉంది, రైతు ఉద్యమం, యుద్ధం, కార్మిక చట్టం, వాతావరణ మార్పు ఉన్నాయి. అన్నీ ఒక్క బొమ్మలోనే ఉన్నాయి. వేరువేరు అధ్యాయాలుగా చదివినవి ఒక దారి మీద కలుసుకున్నప్పుడే అవి మీ సొంతమవుతాయి.

మీకు ఒక పని చెబుతాను. వచ్చే ఆదివారం ఉదయం ఒక సైకిల్ తీసుకుని మీ ఊరి చుట్టూ పది కిలోమీటర్లు తిరగండి. ఒక డొంకదారి, ఒక చెరువుకట్ట, ఒక పాత మిల్లు, జనం వదిలి వెళ్లిన ఒక ఇల్లు, ఏది కనిపిస్తే దాని దగ్గర ఆగండి. 'ఇది ఇలా ఎందుకుంది?' అని ఊరి పెద్దల్లో ఒకరిని అడిగి రాసుకోండి. ఎక్కడైనా నిశ్శబ్దంగా ఉందనిపిస్తే మరికాస్త సేపు ఆగండి. అక్కడ ఒకప్పుడు ఎవరు మాట్లాడేవారో తెలుసుకోండి.